సీసాలో వాన: చురుకైన పిల్లల చేత ప్రాజెక్టు చేయించడం ఎలా

మాది ఇద్దరు టీచర్ల బడి. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా గదిలో ఉంటాయి. నాలుగో తరగతికి భాగహారం చెబుతుంటే మూడో తరగతి వాళ్లు ఎక్కాలు రాస్తుంటారు, ఐదో తరగతి వాళ్లు బోర్డు మీది లెక్కలు చేస్తుంటారు. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను పది లెక్కలు రాసి వెనక్కి తిరిగేలోపు ఆరు పూర్తి చేసేది. ఇంకో పది ఇచ్చేదాన్ని. అవీ అయిపోయేవి. మళ్లీ పది. ఒకరోజు చూస్తే మూడో లెక్క దగ్గరే ఆగిపోయి పెన్సిల్ కొరుకుతోంది. ఏమైందని అడిగితే, "ముందుగా చేస్తే ఎక్కువ లెక్కలు వస్తున్నాయి కదా టీచర్, అందుకని మెల్లగా చేస్తున్నాను" అంది.

ఆ పిల్లలో నాకు కనిపించిన తెలివి కన్నా నా తెలివితక్కువతనమే ఆ రోజు ఎక్కువగా కనిపించింది. త్వరగా పని ముగించిన కూలీకి ఇంకో గంప ఎత్తినట్టుంది నా వరస. అదనపు లెక్కలు ఆ రోజే మానేశాను. వాటి బదులు ఏమివ్వాలో తేలడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. తేలినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. ప్రయోగశాల, ఇంటర్నెట్, నిధులు లేని బడిలో, గదికి ఒకరిద్దరు ఇలాంటి పిల్లలున్న టీచర్ల కోసం ఇది. పిల్లల పేర్లు రాయను. ఈ పిల్లను మేమంతా "ఎందుకమ్మ" అని పిలిచేవాళ్లం. ఎందుకో చెప్పనక్కరలేదనుకుంటాను.

ఎవరిని చూడాలి

మన దగ్గర తెలివి అనగానే ధారణే గుర్తొస్తుంది. ఒక్కసారి విని అప్పగించేవాడిని ఏకసంథాగ్రాహి అని మెచ్చుకున్నాం, అవధానాల్లో పద్యాలన్నీ వరసగా తిరిగి చెబితే చప్పట్లు కొట్టాం. అది గొప్ప విద్యే. కానీ బడిలో ఆ ఒక్క కొలతే పట్టుకుంటే అప్పగించేవాళ్లు మొదటి వరుసలోకి, అడిగేవాళ్లు చివరి వరుసలోకి పోతారు. అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో దీన్ని మూడు వలయాలుగా చెప్పాడు: సగటును మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పనిని వదలని పట్టు. ఈ మూడూ కలిసే చోట ప్రతిభ ఉంటుందన్నాడు. మన పరీక్షలకు మొదటిది కొంత కనిపిస్తుంది. మిగతా రెండూ పని అప్పగిస్తే తప్ప బయటపడవు.

అందుకే నేను మార్కుల రిజిస్టరు తీయను. పని ముందుగా అయిపోయిన పిల్ల ఆ ఖాళీలో ఏమి చేస్తుందో చూస్తాను. పక్కవాళ్లను గిల్లుతోందంటే అదీ ఒక ఆనవాలే. ఒక జవాబు చెప్పాక దాని మీద ఇంకో ప్రశ్న వస్తుందా అని చూస్తాను. ఎండాకాలంలో చెరువు నీళ్లు ఆవిరైపోతాయని చెబితే తల ఊపేవాళ్లు ముప్పై మంది. "మరి మూత పెట్టిన మట్టికుండలో కూడా నీళ్లు తగ్గుతున్నాయి కదా?" అన్నది మాత్రం ఎందుకమ్మ ఒక్కతే.

ఇంకొక మాట. మా బడికి తండా నుంచి పిల్లలు వస్తారు. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు, బడిలో తెలుగు రాయాలి. నాలుగో తరగతిలో అలాంటి ఒక పాపను రెండేళ్ల పాటు "నెమ్మది" అని లెక్కగట్టాను. నెమ్మది నా చెవిదని తర్వాత తెలిసింది. ఆ సంగతి కిందకు వస్తుంది.

ఎంచుకున్నాక పిల్లలతో "నువ్వు తెలివైనదానివి కాబట్టి" అని మాత్రం అనవద్దు. అన్న రోజు నుంచి తప్పు చేయడానికి భయపడతారు. "ఈ పని చేస్తారా?" అని అడిగితే చాలు.

సమయం ఎక్కడ దొరుకుతుంది

సిలబస్ అయ్యాక చూద్దామనుకుంటే మార్చి వస్తుంది. నేను చేసే చిట్కా ఇది. అధ్యాయం మొదలుపెట్టే ముందు అభ్యాసం చివర్లో ఉండే కష్టమైన లెక్కలు ఐదు ఇస్తాను. నాలుగు సరిగ్గా వస్తే ఆ అభ్యాసం మాఫీ. మూడే వస్తే తప్పిన రకం లెక్కలు మాత్రమే చేయాలి. ఇలా చేస్తే వారానికి రెండు మూడు పీరియడ్లు మిగులుతాయి. అవే ప్రాజెక్టు పీరియడ్లు. గదిలో అందరికీ ఈ ఐదు లెక్కలు ఇస్తాను. మాఫీ ఎవరికైనా రావచ్చు, నేను ఊహించని వాళ్లకు కూడా వచ్చింది.

మిగిలిన ఆ సమయంలో వాళ్లను చిన్న టీచర్లుగా మార్చి వెనకబడిన పిల్లల పక్కన కూర్చోబెట్టడం మనందరి అలవాటు. ఇద్దరు టీచర్ల బడిలో ఆ ఆశ ఎంత బలమైనదో నాకు తెలుసు. అప్పుడప్పుడు ఫరవాలేదు. రోజూ అదే అయితే ఆ పిల్ల చదువు ఆగినట్టే, మనం చేయాల్సిన పని ఆమె చేస్తున్నట్టే.

ప్రశ్న దొరికితే సగం పని అయినట్టే

మన బడుల్లో ప్రాజెక్టు అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఫార్మేటివ్ పరీక్షలో దానికి మార్కులున్నాయి. రేపు ఇవ్వాలంటే ఈ రాత్రి నాన్న బజారుకెళ్లి చార్టు, థర్మోకోల్, రంగు కాగితాలు తెస్తాడు. నెట్ సెంటరులో బొమ్మలు ప్రింటు తీయిస్తారు. అమ్మ అతికిస్తుంది, అక్క పేరు రాస్తుంది. పిల్లవాడు మోసుకొస్తాడు. మనం బీరువా మీద పెడతాం, ఎలుకలు తింటాయి. అగ్నిపర్వతం నుంచి వంటసోడా నురగ పొంగించడం కూడా ఈ కోవలోదే. ఏమి పొంగుతుందో ముందే తెలుసు కదా.

1918లో విలియం కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు, పనిలో పిల్లవాడి సొంత ఉద్దేశం ఉండాలన్నదే ప్రధానంగా పట్టుకున్నాడు. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీంలోనూ చేతిపనిలో నుంచే లెక్కలు, భూగోళం రావాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభావంతులైన పిల్లలకు ప్రాజెక్టుల క్లబ్బులు ఉండాలంటుంది. అంటే మాట పాతదే, ఆమోదమూ ఉంది. దొరకనిది మంచి ప్రశ్న.

నేను ప్రశ్నను మూడు జల్లెడల్లో పోస్తాను. నడిచి వెళ్లే దూరంలో, చేతికందే వస్తువులతో కొలవగలగాలి. జవాబు కోసం ఊళ్లో ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. జవాబు నాకు కూడా తెలిసి ఉండకూడదు. ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. నాకు తెలిసి అడిగితే పిల్లలు ప్రశ్న వైపు చూడరు, నా ముఖం వైపు చూస్తారు. కనుబొమ్మ కదిలితే జవాబు మార్చేస్తారు. చురుకైన పిల్లలకు ఈ విద్య మరీ బాగా వచ్చు. నాకే తెలియనప్పుడు నా ముఖంలో చదవడానికి ఏమీ ఉండదు.

"సౌరకుటుంబం" ప్రశ్న కాదు, శీర్షిక. "నీటిని పొదుపు చేద్దాం" నినాదం. మాకు దొరికిన ప్రశ్న వంటమ్మ నోటి నుంచి వచ్చింది. జూన్‌లో బడి తెరిచిన వారానికి ఒక పెద్ద వాన కురిసింది. మధ్యాహ్న భోజనం గిన్నెలు కడగడానికి బోరు దగ్గర నుంచి నీళ్లు మోసుకొస్తూ ఆమె, "పైన ఇంత వాన పడి పోయింది, నాకు మాత్రం మోత తప్పలేదు" అంది. ఎందుకమ్మ వెంటనే, "ఎంత పడింది?" అంది. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

మా వాన ప్రాజెక్టు, జరిగింది జరిగినట్టు

జట్టులో ముగ్గురు. ఎందుకమ్మ, తండా పాప, ఇంకా సైకిల్ షాపు వాళ్ల అబ్బాయి. ఈ అబ్బాయికి చదవడం అంతగా రాదు గానీ చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఇంకో మనిషి. ముగ్గురూ ఒకే రకం తెలివి ఉన్నవాళ్లయితే పని మాటల్లోనే తెల్లవారుతుంది. నలుగురు దాటితే ఒకరు గోడకానుకుంటారు.

మొదటి వారం నేను ఏ పరికరమూ చెప్పలేదు. వాన ఎంత పడిందో ఎలా కొలుస్తారని మాత్రం అడిగాను. పెద్ద పాత్రలో ఎక్కువ వాన పడుతుంది కాబట్టి పెద్దదే పెట్టాలని అబ్బాయి, చిన్నదైతే త్వరగా నిండుతుంది కాబట్టి చిన్నదే పెట్టాలని ఎందుకమ్మ. వాదన తెగలేదు. మూడు రకాల పాత్రలు పెట్టి చూడమన్నాను: ఒక టిఫిన్ డబ్బా, నిట్టనిలువు అంచులున్న వెడల్పాటి వంట గిన్నె, ఒక ప్లాస్టిక్ బకెట్. ముందుగా ఎవరి అంచనా వాళ్లు రాసుకున్నారు.

మర్నాడు పొద్దున స్కేలు ముంచి చూశారు. టిఫిన్ డబ్బాలో 18 మిల్లీమీటర్లు. వెడల్పాటి గిన్నెలోనూ 18. ఇద్దరి అంచనాలూ తప్పు. ఎందుకమ్మ స్కేలు తుడిచి మళ్లీ ముంచింది, మళ్లీ 18. ఇక బకెట్‌లో 31. ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నేను తరగతిలోకి వెళ్లి మూడో తరగతి వాళ్లకు ఎక్కాలు చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత అబ్బాయి బకెట్ ఖాళీ చేసి, బోర్లించి, మూతి చుట్టూ నేల మీద సుద్దతో గీత గీశాడు. ఆ గీత లోపలే బకెట్‌ను మళ్లీ మామూలుగా నిలబెట్టి అడుగు చుట్టూ ఇంకో గీత గీశాడు. పెద్ద వలయంలో చిన్న వలయం. "టీచర్, ఇంత మూతి పట్టిన నీళ్లు ఇంత అడుగులో నిలబడాలి. అందుకే పైకి లేచాయి." పరీక్షలో వాక్యం పూర్తిగా రాయలేని పిల్లవాడు అన్న మాట ఇది. మూతి, అడుగు సమానంగా ఉంటే పాత్ర పెద్దదైనా చిన్నదైనా ఎత్తు ఒకటేనని ఎందుకమ్మ వెంటనే అందుకుంది. వర్షపాతాన్ని లీటర్లలో కాకుండా మిల్లీమీటర్లలో ఎందుకు చెబుతారో నాకు కూడా అప్పుడే సరిగ్గా అర్థమైంది.

ఆ తర్వాతే సీసా వర్షమాపకం చేయడం చూపించాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకుని, పైభాగం వంపు తిరిగే చోట కోసి, ఆ ముక్కను తలకిందులుగా గరాటులా అందులోనే దించాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. రాళ్ల బరువుకు సీసా పడిపోదు కూడా. సున్నా దగ్గర నుంచి పైకి ప్లాస్టిక్ స్కేలును పారదర్శక టేపుతో అంటించాలి. పక్కలు నున్నగా, నిలువుగా ఉన్న సీసానే ఎంచుకోండి, నడుము సన్నగా ఉన్నవి పనికిరావు. కత్తెర పని పెద్దవాళ్లదే. అంచుకు టేపు చుట్టకపోతే వేళ్లు తెగుతాయి. కొలిచాక నీళ్లను మళ్లీ సున్నా గీత దాకా తేవడం మర్చిపోవద్దు, ఎండలకు ఆ గీత కిందికి దిగుతుంటుంది కూడా.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పాఠం. మొదట వేపచెట్టు కింద పెట్టారు, ఆకులు వాన తాగేశాయి. గోడ పక్కన పెట్టారు, గాలివాటం వాన గోడకే తగిలింది. పక్కన ఉన్న గోడ లేదా చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలని అప్పుడు చెప్పాను. బయట పెట్టాక గేదె తన్నేసింది. చివరికి మూడు ఇటుకల గూడు కట్టారు. వాతావరణ శాఖ రోజూ ఉదయం 8.30కి గడచిన 24 గంటల వాన లెక్కిస్తుంది. మేమూ అదే వేళ పెట్టుకున్నాం. ఆ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వర్షపు రోజు, 64.5 నుంచి భారీ వర్షం. ఇది విన్నాక పిల్లలు ఊళ్లో ఎవరైనా "భారీ వాన" అంటే ఊరుకోవడం మానేశారు.

ఇక పైకప్పు. పిల్లలను మేడ ఎక్కనివ్వకూడదు, ఇందులో రాజీ లేదు. కింద గోడల వెంట కొలిచారు. సైకిల్ షాపు అబ్బాయి తాడుకు మీటరుకో ముడి వేశాడు. 11 మీటర్ల పొడవు, ఆరున్నర వెడల్పు వచ్చింది. తప్పని నాకు తెలుసు, స్లాబు గోడ దాటి బయటకు ఉంటుంది కదా. చెప్పలేదు. వారం తర్వాత గాలి లేని తుంపర పడుతుంటే వరండాలో నిలబడిన తండా పాప నా కొంగు లాగి వేలితో చూపించింది. గోడ పక్కన కొంత మేర నేల పొడిగా ఉంది, ఆ తర్వాత తడి. మధ్యలో గీత గీసినట్టుంది. "ఇల్లు ఇక్కడిదాకా ఉంది" అంది. ఆ గీత దగ్గర కొలిస్తే 12, ఏడున్నర. 90 చదరపు మీటర్లు.

మిల్లీమీటర్లను లీటర్లుగా మార్చడం ఐదో తరగతికి పెద్ద మెట్టే. ఒక చదరపు మీటరు గీసి నీళ్లు పోసి చూపిద్దామనుకున్నాను. నేల వాలుగా ఉంది, నీళ్లన్నీ మూలకు పరుగెత్తాయి, నా పరువు కూడా వాటితో పోయింది. తర్వాత 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న ట్రే దొరికింది. అందులో లీటరు గ్లాసుతో రెండు లీటర్లు పోస్తే సరిగ్గా సెంటీమీటరు ఎత్తు నిలిచింది. చదరపు మీటరుకు అలాంటి ట్రేలు ఐదు. ఐదు ట్రేలకు 10 లీటర్లు, అంటే 10 మిల్లీమీటర్లు. ఎందుకమ్మ మిగతాది వేళ్ల మీద చెప్పేసింది: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ సూత్రం నేను ముందే చెప్పి ఉంటే ఒక నిమిషంలో అయిపోయేది. అలా కాకుండా నాలుగు పీరియడ్లు పట్టింది, నాకు చింత లేదు.

ఆ వారం ఒక రాత్రి 22 మిల్లీమీటర్ల వాన కురిసింది. 90 చదరపు మీటర్లకు 1,980 లీటర్లు. మా నల్ల ట్యాంకు 500 లీటర్లది. దాదాపు నాలుగు ట్యాంకులు. వంటమ్మకు చెబితే, "నాలుగు ట్యాంకులా? ఏవీ?" అంది. ఆ "ఏవీ?" మమ్మల్ని రెండో నెలలోకి లాక్కెళ్లింది.

పైకప్పుకు రెండు గొట్టాలున్నాయి. ఒకదాని కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టారు. ముందుగానే బకెట్లతో పోసి, పది లీటర్లకో గీత పెట్టుకున్నారు. 6 మిల్లీమీటర్ల వాన పడింది. లెక్క ప్రకారం 540 లీటర్లు, గొట్టానికి 270, డ్రమ్ము పొంగిపోవాలి. పొద్దున చూస్తే 80. ఏమై ఉంటుందో ఆరు కారణాలు రాశారు: డ్రమ్ముకు చిల్లు, స్లాబు తాగేసింది, గాలి, రెండో గొట్టానికి ఎక్కువ పోయింది, సీసా తప్పు చెప్పింది, ఎవరో నీళ్లు వాడుకున్నారు. ఒక్కొక్కటి కొట్టేస్తూ వచ్చారు. చివరికి హెడ్మాస్టరు గారు నిచ్చెన వేసుకుని మేడ ఎక్కారు. గొట్టం మూతిలో వేపాకులు ముద్దగా ఇరుక్కున్నాయి, స్లాబు మీద నీళ్లు చెరువులా నిలిచాయి. ఏళ్ల తరబడి మా గది పైకప్పు ఎందుకు చెమ్మగిల్లుతోందో కూడా అప్పుడే తెలిసింది. శుభ్రం చేశాక 4 మిల్లీమీటర్ల వానకు 180 రావాల్సిన చోట 130 వచ్చాయి. మిగతా 50 ఏమయ్యాయో ముగ్గురూ ఒప్పుకునే జవాబు దొరకలేదు. అలాగే రాశారు.

పక్కదారులు కూడా వస్తాయి, రానివ్వండి. పేపరులో మండలం వర్షపాతం 14 మిల్లీమీటర్లని పడిన రోజు మా సీసాలో 22 ఉంది. మండల కేంద్రం మాకు 9 కిలోమీటర్లు. ఎవరిది తప్పని అడిగితే తండా పాప వాళ్ల తాత, "మేఘం మీ పేపరు చదివి కురుస్తుందా?" అన్నాడట. ఆయనకు మిల్లీమీటర్లతో పనిలేదు, "జానెడు పదునైంది", అంటే తడి నేలలోకి జానెడు దిగింది అన్నది ఆయన కొలత. మరి జానెడు పదును అంటే ఎన్ని మిల్లీమీటర్లు? గునపం పట్టుకుని వెళ్లి తవ్వి చూశారు. అదే వానకు ఎర్రనేలలో తడి 16 సెంటీమీటర్ల లోతుకు దిగింది, నల్లరేగడిలో 8 దగ్గరే ఆగింది. నా పాఠ్యప్రణాళికలో లేని పాఠం అది. తాతగారిని బడికి పిలిచాం. మృగశిర, ఆరుద్ర కార్తెల నుంచి మొదలుపెట్టి గంటసేపు చెప్పారు, సగం లంబాడీలో. ఆ రోజు మాకు అనువాదం చేసింది నేను "నెమ్మది" అనుకున్న పాప.

దొంగ అంకెలు

ఇది విడిగా రాయాలి, ఎందుకంటే చురుకైన పిల్లలతో తప్పక వచ్చే చిక్కు ఇది. లాంగ్ నోట్సులో ఎడమ పేజీ అంచనాకు, కుడి పేజీ జరిగినదానికి. పెన్నుతోనే రాయాలి, కొట్టేయవచ్చు గానీ చెరపకూడదు. ప్రాథమిక బడి పిల్లలకు పెన్ను ఇవ్వడమే ఒక పండగ. నోట్సు రోజూ చక్కగా నిండుతోంది. నేను ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని రాస్తున్నాను.

ఒక సోమవారం ఎందుకమ్మ ఆదివారం గడిలో 5 అని రాసింది. తండా పాప దాన్ని చూసి చాలాసేపు ఊరుకుని, "ఈ పొద్దు దారిలో దుమ్ము లేచింది టీచర్" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఎందుకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆదివారం మేనత్త ఊరికి వెళ్లిందట. గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఏదో ఒకటి రాసింది.

ఆ తప్పులో నా ఎర్ర సిరాకు వాటా ఉంది. నిండిన పేజీలకే మెచ్చుకోలు ఇస్తూ వచ్చాను కదా. ఎప్పుడూ సరైన జవాబులే చెప్పే పిల్లలకు ఖాళీ గడి అంటే ఓడిపోవడం. తిట్టలేదు. ఆ 5ను ఒక గీతతో కొట్టించి, పక్కన "చూడలేదు, ఊరికి వెళ్లాను" అని రాయించాను. ముగ్గురితోనూ కూర్చుని ఒక తేడా తేల్చుకున్నాం: వాన పడకపోతే 0, చూడకపోతే అడ్డగీత. రెండూ ఒకటి కాదు. ఆ నెలాఖరుకు నేను ఎర్ర సిరాతో "చాలా బాగుంది" రాసింది రెండే చోట్ల, రెండూ అడ్డగీతల పక్కనే. మీ పిల్లల నోట్సులో ఒక్క తప్పూ, ఒక్క ఖాళీ కూడా లేకపోతే సంతోషించకండి, దారిలో దుమ్ము సంగతి అడగండి.

మన నోరు

ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని అందరూ చెబుతారు. అసలేమీ మాట్లాడకపోయినా పిల్లలు వదిలేస్తారు. నాకు మూడు ప్రశ్నలు అలవాటయ్యాయి: నీకెలా తెలిసింది? మళ్లీ కొలిస్తే ఇదే వస్తుందా? ఇంకేం కారణం ఉండవచ్చు? సరైన జవాబు వచ్చినా ఇవే అడగాలి. తప్పు వచ్చినప్పుడు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్నే తప్పుకు గుర్తని వాళ్లు పసిగట్టేస్తారు.

ఎప్పుడు అందుకోవాలంటే, ఒకే చోట రెండు పీరియడ్లు చిక్కుకుని ముగ్గురూ మౌనంగా ఉన్నప్పుడు. పోట్లాడుకుంటున్నారంటే ఇంకా పని నడుస్తోందని అర్థం. దశాంశాలు లాంటి పనిముట్టు కావాల్సి వస్తే దాచకుండా అప్పుడే నేర్పేయాలి. ఆకలేసినప్పుడు పెట్టిన అన్నం కదా, ఒక్క పీరియడ్‌లో ఒంటబడుతుంది.

ఇంటివాళ్లు

జూలైలో ఎందుకమ్మ వాళ్ల నాన్న వచ్చారు. "మేడమ్, మా అమ్మాయి నవోదయ రాయాలి. సీసాలు, డ్రమ్ములు మోయిస్తున్నారట" అన్నారు. కోపంలో న్యాయం ఉంది. నవోదయ పరీక్షలో 80 ప్రశ్నలు, రెండు గంటలు, అందులో అంకగణితానికి 25 మార్కులు. వాదించకుండా పిల్లను పిలిచి, "మీ ఇంటి పైకప్పు మీద నిన్న ఎన్ని లీటర్లు పడ్డాయో నాన్నకు చెప్పు" అన్నాను. కొలతలు అడిగింది, వైశాల్యం కట్టింది, దశాంశాలతో గుణించింది, తప్పు చేసి తానే దిద్దుకుంది. ఆయన కాసేపు నిలబడి, "పరీక్ష పుస్తకాలు కూడా చేయించండి" అని వెళ్లారు. చేయించాను. ఒకటి చేస్తే ఇంకొకటి మానాలని ఎక్కడా లేదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నోట్సు, మూడు పెన్నులు, టేపు, స్కేళ్లు కలిపి వంద రూపాయలు దాటలేదు. డ్రమ్ము సైకిల్ షాపు వాళ్లది.

ఎవరి ముందు చెప్పించాలి

బీరువా మీద పెట్టడంతో ప్రాజెక్టు ముగియకూడదు. జవాబు కోసం ఎదురుచూస్తున్న మనిషి ముందు చెప్పించాలి. మా పిల్లలు వంటమ్మకూ, హెడ్మాస్టరు గారికీ, విద్యా కమిటీ చైర్మన్‌కూ చెప్పారు. చార్టు ఒక్కటే, అదీ చేతిరాతతో. నేను పెట్టిన నియమం ఒకటే: మీ అంచనాల్లో తప్పినవి మూడు ముందు చెప్పాలి. మార్కులు కూడా దాని మీదే వేశాను. అందం మీద వేస్తే మళ్లీ అక్క చేతిరాతే వస్తుంది.

చైర్మన్ గారు, "ఇంతకీ ఏమి చేయమంటారు?" అన్నారు. వంపు గొట్టం, డ్రమ్ముకు కుళాయి అడిగారు. స్లాబు మీద పావురాల రెట్టలుంటాయి కాబట్టి ప్రతి వానలో మొదట వచ్చే నీళ్లు బయటకు వదిలేయాలనీ, ఈ నీళ్లు తాగడానికి, వంటకు వద్దనీ, చేతులకూ మరుగుదొడ్లకూ సరిపోతాయనీ ఎందుకమ్మ చెప్పింది. గిన్నెలు తోమే మొదటి కడుగుకు వాడవచ్చు గానీ చివరి కడుగు బోరు నీళ్లతోనే చేయాలంది. వంటమ్మకు మోత సగం తగ్గింది. రెండు వారాల్లో కుళాయి వచ్చింది. రెండో గొట్టానికి ఇంకా రాలేదు.

ఎందుకమ్మ ఇప్పుడు ఆరో తరగతిలో ఉంది. నోట్సు తండా పాప దగ్గర ఉంది. డ్రమ్ములో దోమలు గుడ్లు పెడతాయని మూతికి పాత పంచె గుడ్డ కట్టాం, శుక్రవారం శుక్రవారం ఖాళీ చేసి ఆరబెడుతున్నాం. అయినా పోయిన గురువారం నీళ్లలో తోకపురుగులు గిలగిలలాడుతూ కనిపించాయి. గుడ్డ ఉండగా లోపలికి ఎలా వచ్చాయని ఆ పాప అడిగింది. నాకు తెలియదన్నాను. మూడు గాజు సీసాలు కావాలంది, రేపు ఇంటి నుంచి ఆవకాయ సీసాలు కడిగి తీసుకెళ్లాలి.